1974 డాడ్జ్ డార్ట్‌ను రోజువారీ బండిగా వాడుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఓహాయోలో ఉంటున్న మీకు పొరుగింటి పెద్దాయన తన 1974 నాటి నాలుగు తలుపుల డాడ్జ్ డార్ట్‌ను అమ్ముతానన్నారు. అందులో ఉన్నది 225 ఘనపు అంగుళాల స్లాంట్ సిక్స్ ఇంజను, ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఆ ఇంజనుకు చావు లేదని అందరూ అంటున్నారు కనుక, రోజూ పాతిక మైళ్ళు ఆఫీసుకు వెళ్ళి రావడానికి ఈ కారును నమ్ముకోవచ్చా, కొనేముందు ఏమేం చూడాలి అని అడిగారు. ఇదే కోవకు చెందిన బండిని చాలాకాలంగా నడుపుతూ, దాని పని చాలావరకు నా చేతులతోనే చేసుకుంటున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజను గురించి మీరు విన్నది దాదాపు నిజమే. అయితే బేరం తేల్చవలసింది ఇంజను కాదు, బాడీ. ఆ ఇంజను ఎంత బాగా తిరుగుతుందంటే, దాని చుట్టూ ఉన్న రేకు తుప్పు పట్టి రాలిపోతున్నా కొనేవాడికి కనిపించదు.

ఈ ఇంజనుకు ఇంత పేరు ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే ఏది గట్టిదో, ఏది కాదో తేలికగా అర్థమవుతుంది. 1950ల చివర ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి చిన్న విదేశీ కార్లు అమెరికాలో బాగా అమ్ముడవుతున్నప్పుడు, డిట్రాయిట్‌లోని మూడు పెద్ద కంపెనీలూ 1960 మోడల్ సంవత్సరానికి తమ తమ కాంపాక్ట్ కార్లను బరిలోకి దించాయి. ఫోర్డ్ నుంచి ఫాల్కన్, షెవ్రొలే నుంచి కార్వేర్ వస్తే, డాడ్జ్ యజమాని అయిన క్రైస్లర్ నుంచి వేలియంట్ వచ్చింది. స్లాంట్ సిక్స్ ఆ వేలియంట్‌తోనే పుట్టింది. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉండి, మొత్తం ఇంజను కుడివైపుకు 30 డిగ్రీలు వాలి ఉంటుంది. అలా వాల్చడం వల్ల బానెట్ ఎత్తు తగ్గింది, వాటర్ పంపును ముందు కాకుండా పక్కకు జరిపి ఇంజను పొడవు తగ్గించగలిగారు, ఎడమవైపు మిగిలిన ఖాళీలో, గాలి, పెట్రోలు లోపలికి వెళ్ళే ఇన్‌టేక్ గొట్టాలను పొడవుగా, ఇంచుమించు సమానంగా అమర్చగలిగారు. బ్లాకును అల్యూమినియంలో కూడా పోతపోయాలన్న ఆలోచనతో రూపొందించి, 1961 నుంచి 1963 వరకు కొన్నింటిని నిజంగానే అలా తయారు చేశారు. ఆ కొలతలతోనే పోత ఇనుములో చేసిన బ్లాకు అవసరానికి మించిన గట్టిదనంతో తయారైంది. నాలుగు మెయిన్ బేరింగుల మీద తిరిగే క్రాంక్‌షాఫ్ట్ 1976 నడిమి వరకు ఫోర్జ్ చేసిన ఉక్కుదే. మీరు చూస్తున్న 1974 బండిలో ఉండవలసింది అదే.

ఇంత బలమైన ఇంజను నుంచి క్రైస్లర్ రాబట్టిన శక్తి మాత్రం 1974లో దాదాపు 105 హార్స్‌పవర్ మాత్రమే. 3.7 లీటర్ల ఇంజనుకు ఇది చాలా తక్కువ. దాని దీర్ఘాయుష్షుకు సగం కారణం కూడా ఇదే. పొడవైన స్ట్రోకుతో నెమ్మదిగా తిరుగుతుంది, తక్కువ వేగంలోనే బాగా లాగుతుంది, మామూలు 87 ఆక్టేన్ పెట్రోలుతో సంతోషంగా నడుస్తుంది. టైమింగుకు రబ్బరు బెల్టు కాకుండా ఇనుప గొలుసు వాడారు. దీనికి జతగా వచ్చే టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ కూడా ఇంజనుకు తగ్గ జోడీయే. కార్లలో 1983 వరకు, ట్రక్కులలో 1987 వరకు ఈ ఇంజను కొనసాగింది. హైవే మీదికి ఎక్కేటప్పుడు మాత్రం వెనక వచ్చేవాళ్ళను చూసుకుని, కాస్త ముందుగానే కాలు నొక్కాలి.

ఇక ‘కాంపాక్ట్’ అన్న మాట చూసి చిన్న బండి అనుకోకండి. డార్ట్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 111 అంగుళాలు, అంటే మన అంబాసిడర్ కంటే 14 అంగుళాలు ఎక్కువ. అమెరికా లెక్కలో అదే చిన్న కారు.

ఇంజను ఒక్కటే చూసి బండిని అంచనా వేయకూడదనడానికి క్రైస్లర్ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. డార్ట్, వేలియంట్ కార్ల స్థానంలో 1976లో ఆస్పెన్, వొలారే అనే కార్లు వచ్చాయి. వాటిలోనూ ఇదే స్లాంట్ సిక్స్ దొరికేది. అయినా మొదటి రెండేళ్ళలో వరుసగా రీకాల్‌లు ఎదుర్కొని, ముందు ఫెండర్లు కొద్దికాలానికే తుప్పు పట్టి, ఆ కార్లు కంపెనీ పేరునే దెబ్బతీశాయి. ఇంజను మారలేదు, మారింది దాని చుట్టూ ఉన్న కారు.

కాబట్టి మొదట తుప్పు సంగతి చూడండి. ఓహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక, ఆ పెద్దాయన బండిని చలికాలంలో తీశారా లేదా అన్నదే ఆయన్ని అడగవలసిన మొదటి ప్రశ్న. తరువాత పాత బట్టలు వేసుకుని, టార్చిలైటు, చిన్న అయస్కాంతం తీసుకుని బండి కిందికి దూరండి. అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి, ముందు చక్రాల వెనక ఫెండర్ల కింది భాగంలో, వెనక చక్రాల చుట్టూ, తలుపుల అడుగున నెమ్మదిగా జరపండి. అది అంటుకోని చోట రేకు లేనట్టే, పుట్టీ మెత్తి రంగు వేశారన్నమాట. పైకప్పుకు వినైల్ అతికించిన బండి అయితే వెనక అద్దం అంచుల వెంట వేలితో నొక్కి చూడండి. వినైల్ కింద బుడగలు తగిలితే లోపల తుప్పు తినేస్తోందని అర్థం.

ఫెండరు తుప్పు చూడటానికి బాగుండదు గానీ, ప్రాణం మీదికి తెచ్చేది అది కాదు. ఈ కార్లలో ముందు సస్పెన్షనుకు కాయిల్ స్ప్రింగులు ఉండవు. వాటికి బదులు టార్షన్ బార్లనే పొడవాటి ఉక్కు కడ్డీలు ఉంటాయి. వాటి వెనక కొసలు ముందు సీటు కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబరులో బిగించి ఉంటాయి. బండి ముందు బరువంతా అక్కడ మెలిపడి ఉంటుంది. ఆ క్రాస్‌మెంబరు, వెనక లీఫ్ స్ప్రింగుల ముందు హ్యాంగర్లు, ఈ రెండు చోట్లా స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే దిగకూడదు. దిగితే ఆ పెద్దాయనకు నమస్కారం చెప్పి ఇంటికి వెళ్ళిపోండి. ఎంత తక్కువకు ఇచ్చినా అది చవక బేరం కాదు.

ఇంకో పరీక్ష చాలామంది చేయరు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి లోపలికి వెళ్ళే జాలీ ఉంటుంది. దాని వెనక ఉన్న కౌల్ అనే గదిలో ఏళ్ళ తరబడి ఆకులు చేరి, తడిసి, అడుగు రేకును తినేస్తాయి. ముందు కార్పెట్ ఎత్తి చూసి, ఆ జాలీలో ఒక బకెట్ నీళ్ళు నెమ్మదిగా పోయండి. నీళ్ళు రెండు పక్కలనుంచీ నేల మీదికి పోతే మంచిదే. కాళ్ళు పెట్టుకునే చోట కారితే కౌల్ చిల్లులు పడిందన్నమాట. దాన్ని బాగుచేయాలంటే పైరేకు వెల్డింగులు విప్పవలసి వస్తుంది కనుక, ఆ పనికి అయ్యే ఖర్చు చాలామందికి బండి ధరను మించిపోతుంది.

తుప్పు గండం గడిచాక మిగతావి తేలిక. ఎడమవైపు డాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనిపించే సీరియల్ నంబరులో ఐదో అక్షరం సి అయితే 225 ఇంజనుతో వచ్చిన బండి, బి అయితే 198 ఘనపు అంగుళాల చిన్న ఇంజనుది. ఆ తరువాతి అంకె మోడల్ సంవత్సరం, అంటే మీ బండికి 4 ఉండాలి. ఓడోమీటరులో మైళ్ళకు ఐదే అంకెలు ఉంటాయి కనుక లక్ష దాటగానే మళ్ళీ సున్నాకు వస్తుంది. ‘46,000 మైళ్ళు మాత్రమే’ అన్న మాటను రశీదులు చూపిస్తేనే నమ్మండి. బ్రేకు పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూస్తే ఆ మాటలోని నిజం కొంత తెలుస్తుంది. ఇంజను విషయానికొస్తే కంప్రెషన్ పరీక్ష చేయించి, ఆరు సిలిండర్లలో వచ్చిన అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అని చూస్తే చాలు.

ఇప్పుడు నిర్వహణ సంగతి. ఈ ఇంజను చావదన్న మాటను ఏమీ చేయనక్కర్లేదన్న అర్థంలో తీసుకునేవారే దాన్ని పాడుచేస్తారు. 1980 వరకు వచ్చిన స్లాంట్ సిక్స్‌లలో హైడ్రాలిక్ టాపెట్లు (నూనె ఒత్తిడితో వాల్వు సందును తామే సరిచేసుకునేవి) ఉండవు కనుక వాల్వుల సందును అప్పుడప్పుడూ చేత్తో సరిచేయాలి. ఇంజను పూర్తిగా వేడెక్కాక ఇన్‌టేక్ వాల్వుకు 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు), ఎగ్జాస్ట్ వాల్వుకు 20 థౌ ఉండేలా ఫీలర్ గేజ్ అనే సన్నని కొలత రేకు పెట్టి రాకర్ మీది స్క్రూ తిప్పుతారు. పాత మెకానిక్కులు ఇంజను నడుస్తుండగానే ఈ పని చేసేవారు. కొత్తవారు ఇంజను ఆపి, ఒక్కో సిలిండరూ చూసుకుంటూ చేయడం మేలు, వేడి నూనె మొహాన చిందకుండా ఉంటుంది. టాపెట్ల చప్పుడు కొద్దిగా వినిపిస్తుంటే కంగారు పడకండి. అసలు చప్పుడే లేని స్లాంట్ సిక్స్‌నే నేను అనుమానిస్తాను. ఎగ్జాస్ట్ వాల్వు సందు పూర్తిగా మూసుకుపోతే వాల్వు సరిగ్గా కూర్చోక, వేడి బయటికి పోయే దారి లేక కాలిపోతుంది. ఆ వాల్వు మాత్రం మౌనంగానే కాలిపోతుంది. నూనె ఎంచుకునేటప్పుడు ఇలాంటి టాపెట్లకు కావలసిన జింకు పాళ్ళు ఉన్నదాన్ని తీసుకోండి. కొత్త కార్ల కోసం చేసిన నూనెల్లో అది తగ్గించారు.

1974 వరకు వచ్చిన ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గులు సన్నని అల్యూమినియం గొట్టాల్లోకి దిగి ఉంటాయి. ఆ గొట్టం అంచే ప్లగ్గుకు వాషరుగా పనిచేస్తుంది కనుక, కొత్త ప్లగ్గుతో వచ్చే లోహపు వాషరును తీసేసి బిగించాలి. ఈ సంగతి తెలియని మెకానిక్కు వాషరుతో సహా బిగిస్తే ప్లగ్గు మొన ఉండవలసినంత లోపలికి వెళ్ళదు. గొట్టం అడుగున ఉండే రబ్బరు రింగు ఎండిపోతే అక్కడి నుంచి నూనె కారుతుంది. దాన్ని చూసి హెడ్ గాస్కెట్ పోయిందని, ఇంజను విప్పాలని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోకండి. ఆ రబ్బరు రింగులు ఆరూ మార్చడానికి ఇంజను విప్పనక్కర్లేదు.

ఈ ఇంజనుకు నిజమైన బలహీనత ఏదైనా ఉందంటే అది మానిఫోల్డు, అంటే సిలిండర్లకు గాలిని పంచే, వాటి పొగను పోగుచేసే గొట్టాల దిమ్మ. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్కన, ఒకదానికొకటి బోల్టులతో కలిపి, సిలిండర్ హెడ్‌కు బిగించి ఉంటాయి. వేడికి అవి సాగాలి, చల్లబడితే ముడుచుకోవాలి. అందుకే హెడ్‌కు బిగించే నట్లకు కంపెనీ చెప్పిన బిగువు 10 ఫుట్-పౌండ్లే. అంత తక్కువేమిటని గట్టిగా బిగిస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డు పగులుతుంది. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు రెండు మానిఫోల్డులనూ కలిపే బోల్టులను ముందు వదులుగా ఉంచి, హెడ్ నట్లను వరుసగా బిగించాక, చివర్లో ఆ బోల్టుల పని చూడాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డు కింద బరువు తగిలించిన ఒక చిన్న ఇరుసు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పొగ వేడిని ఇన్‌టేక్ వైపు మళ్ళించే వాల్వు అది. ఇంజను చల్లగా ఉండగా చేత్తో కదిపితే అది అటూ ఇటూ ఊగాలి. బిగుసుకుపోతే గ్రాఫైట్ కలిపిన ద్రావకం వేసి వదులు చేయాలి.

కరెంటు విషయంలో మూడు సంగతులు గుర్తుంచుకుంటే రోడ్డు మీద నిలబడిపోయే సందర్భాలు చాలావరకు తప్పుతాయి. తాళం తిప్పి పట్టుకున్నంతసేపు ఇంజను అందుకుని, వదలగానే ఆగిపోతే ఇగ్నిషన్ అంతా విప్పిచూడకండి. బానెట్ కింద ఫైర్‌వాల్ మీద బిగించి ఉండే, వేలెడంత తెల్లటి పింగాణీ ముక్కను చూడండి. బలాస్ట్ రెసిస్టర్ అంటే అదే. స్టార్టర్ తిరుగుతున్నంతసేపు కరెంటు దాన్ని దాటి నేరుగా వెళుతుంది, తాళం వదిలాక దాని గుండా వెళుతుంది, అందుకే ఆ లక్షణం. ఈ కార్లు నడిపేవాళ్ళలో చాలామంది గ్లవ్‌బాక్సులో కొత్తదొకటి ఉంచుకుంటారు. మార్చడానికి ఒక స్క్రూ, రెండు ప్లగ్గులు చాలు. స్టార్టర్ సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను, గేర్ రిడక్షన్‌తో కూనిరాగం తీసే ఆ స్టార్టర్ శబ్దానికి అభిమానులు అప్పట్లో క్రైస్లర్ కేంద్రమున్న ఊరి పేరు మీద ‘హైలాండ్ పార్క్ హమ్మింగ్‌బర్డ్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ శబ్దం విచిత్రంగా ఉందని స్టార్టర్ మార్చకండి.

రెండోది అమ్మీటరు. డాష్‌బోర్డులోని అమ్మీటరు గుండా బండి చార్జింగు కరెంటు మొత్తం వెళుతుంది, ఫైర్‌వాల్ దగ్గరున్న పెద్ద కనెక్టరు గుండా రెండుసార్లు దాటుతుంది. ఇన్నేళ్ళకు ఆ కనెక్టరులోని పిన్నులు చిలుము పట్టి, వేడెక్కి, ప్లాస్టిక్కును కరిగిస్తాయి. దాన్ని లాగి చూసి, పిన్నులు నల్లబడి ఉంటే అమ్మీటరును పక్కన పెట్టి లావు వైరు, ఫ్యూజిబుల్ లింకుతో (కరెంటు మితిమీరితే కరిగి తెగిపోయే వైరు ముక్క) కొత్త దారి వేయించండి. ఈ ఒక్క పనిని మాత్రం ‘తరువాత చూద్దాం’ అనుకోకండి, ఎందుకంటే ఇది నిప్పుతో వ్యవహారం. మూడోది మీ బండి 1974ది కావడం వల్ల వచ్చింది. ఆ ఒక్క మోడల్ సంవత్సరంలో ముందు సీట్లలో కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే కారు స్టార్టు కాకూడదని అమెరికా ప్రభుత్వం నియమం పెట్టింది. జనం గగ్గోలు పెట్టడంతో అదే ఏడాది చివర కాంగ్రెసు దాన్ని ఎత్తేసింది. చాలామంది ఆ వైర్లను ఇష్టమొచ్చినట్టు తెంచి కలిపారు. మీ బండి స్టార్టర్ అసలు స్పందించకపోతే, సీట్ల కింద ఆ తెగిన వైర్లను కూడా వెతకండి.

బ్రేకులు చూడండి. ముందు కూడా డ్రమ్ బ్రేకులే ఉన్న బండి అయితే వానలో, దిగుడు రోడ్లలో జాగ్రత్త తప్పదు. 1973 నుంచి ఈ కార్లకు వచ్చిన ముందు డిస్క్ బ్రేకులను పాత డ్రమ్ బండ్లకు కూడా బిగించుకోవచ్చు, చాలామంది చేసే మార్పు ఇదే. అయితే ఆ డిస్కులతో చక్రం బోల్టుల వలయం వ్యాసం 4 అంగుళాల నుంచి 4.5 అంగుళాలకు మారుతుంది కనుక, ముందు చక్రాలు వెనకకు సరిపోవు. వెనక ఇరుసు కూడా మారిస్తేనే ఒకే స్పేరు చక్రం సరిపోతుంది. మీరు ఎప్పుడైనా 1970 లేదా అంతకు ముందు బండి చూస్తే ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మరలు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. తెలియక బలం కొద్దీ తిప్పి బోల్టులు తెంపిన టైరు షాపులు ఎన్నో.

విడిభాగాల గురించి పెద్దగా భయం వద్దు. యాంత్రిక భాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. దొరకనివి క్రోమ్ పట్టీలు, లైటు అద్దాలు, లోపలి ప్లాస్టిక్కు. కాబట్టి అవి సరిగ్గా ఉన్న బండికి కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. రెండు తలుపుల వి-8 డార్ట్‌ల వెంట అందరూ పడటంతో వాటి ధరలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. మీరు చూస్తున్న నాలుగు తలుపుల సెడాన్‌ను పట్టించుకునేవారు తక్కువ, బేరానికి అది మీకు అనుకూలం.

ఇక అసలు ప్రశ్న, రోజూ వాడవచ్చా? యంత్రం వరకు చూస్తే నిక్షేపంగా వాడవచ్చు. గ్యాలనుకు 18 నుంచి 22 మైళ్ళు వస్తుంది. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలను ఇథనాల్ కలిసిన ఈనాటి పెట్రోలుకు తట్టుకునేవాటితో మార్చుకుంటే చాలు. చల్లటి, తేమగా ఉన్న ఉదయాల్లో చోక్ సరిగ్గా లేకపోతే మొదటి మలుపు దగ్గరే ఆగిపోయి పరువు తీస్తుంది. అంబాసిడర్‌తోనో ఫియట్‌తోనో కుస్తీ పట్టిన నాన్నగారో మామయ్యో ఇంట్లో ఉంటే కార్బురేటర్ సంగతి వారికి అప్పగించండి, సంతోషిస్తారు. కానీ ఓహాయోలో ఉప్పు చల్లే నెలల్లో దీన్ని బయటికి తీయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇన్నేళ్ళు మిగిలిన రేకును కొద్ది చలికాలాల్లో పోగొట్టుకోవడం న్యాయం కాదు.

పిల్లలున్న ఇంటికి ఇది ఒక్కటే కారు కాకూడదు. ఎయిర్‌బ్యాగులు లేవు, వెనక సీటులో నడుము బెల్టులే ఉన్నాయి, ఈనాటి పిల్లల సీట్లను పైనుంచి కట్టే కొక్కాలు లేవు. మీకు కావలసింది కేవలం చవకగా ఆఫీసుకు చేర్చే అమెరికన్ పేరున్న చిన్న బండి అయితే, కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి నడిపిన ఫ్యాక్టరీలో కరోలా పక్కనే తయారైన ప్రిజమ్ అనే కారు కోసం వెతకండి. 2002 వరకు వచ్చింది, పేరు మాత్రమే జియో, తరువాత షెవ్రొలే. ఆ రోజుల్లోని శాటర్న్ ఎస్-సిరీస్ కూడా తలుపులు, ఫెండర్లు ప్లాస్టిక్కువి కావడం వల్ల ఉప్పుకు బాగా తట్టుకుంటుంది, నూనె తాగుతుంది గనుక డిప్‌స్టిక్ చూసుకుంటూ ఉండాలి.

డార్ట్‌నే కొంటే సంతకం పెట్టేముందు ఇన్సూరెన్సు మాట్లాడుకోండి. పాత కార్ల కోసం తక్కువ ప్రీమియంతో దొరికే కలెక్టర్ పాలసీలు సాధారణంగా రోజూ ఆఫీసుకు వెళ్ళి రావడాన్ని ఒప్పుకోవు. చాలా రాష్ట్రాల్లో హిస్టారిక్ నంబరు ప్లేట్లకూ ఇలాంటి షరతే ఉంటుంది. కనుక మామూలు ప్లేట్లు, మామూలు పాలసీ తీసుకోండి. రేపు ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్ళవలసి వస్తే బండి వెంట తీసుకుపోవచ్చు, 1975, అంతకు ముందు మోడళ్ళకు అక్కడ స్మాగ్ పరీక్ష (పొగ కాలుష్యం పరీక్ష) లేదు. 1976 డార్ట్‌కు మాత్రం ఉంది. కౌల్‌లో నీళ్ళు పోసి చూశాక, క్రాస్‌మెంబరు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. ధర గురించి అప్పుడు మాట్లాడదాం.